తరుగు

గుణుపురం కోర్టు గోడవార
నా టైపు మిషను బల్ల.
ఒక పక్క ఒడియా, ఒక పక్క తెలుగు,
నడుమ నేను, నలిగిన కార్బన్ కాగితంలా.

దాలమ్మ వచ్చి కూర్చుంది.
సంచిలోంచి ఫొటో తీసింది:
రోడ్డు మీద మండుతున్న దిష్టిబొమ్మ,
మెడలో చెప్పుల దండ,
ఒంటి మీద నీలం గళ్ల చొక్కా.
“మా తవిటిరాజుది బాబూ.
పాతబట్టలోడికిచ్చి గిన్ని తీసుకున్నాను.
ఆ గిన్నితోనే ఆడి నోట్లో ఆఖరి నీళ్లు పోసినాను.”

తవిటిరాజు ధాన్యం మండీలో కాటా మనిషి.
క్వింటాలుకి ఐదు కేజీలు తరుగు కోసేవాడు.
తేమ అనేవాడు, తాలు అనేవాడు,
ఒక్కోసారి ఏమీ అనేవాడు కాదు.
కాటా పక్కనే గుండె ఆగి పడిపోయాడు.
మర్నాడు వంశధార ఒడ్డుకి పాడె వెళ్తుంటే
ఎదురుగా మూడు ఊళ్ల రైతులు, డప్పులు,
“తరుగు దొంగ తరిగిపోయాడు” అని కేకలు,
ఈలలు.
ఒకే పూట ఒకే మనిషిని
రెండు చోట్ల తగలబెట్టారు.

వకీలు సామంతరాయ్ బాబు రాసిచ్చిన చీటీ చూశాను.
చచ్చినవాడి పరువుకి చట్టంలో వారసులు లేరట.
రోడ్డు అందరిదట, నినాదం హక్కట.
బతికున్న అక్కకి ఏం జరిగిందో
అది మాత్రం అడగొచ్చట.
ఒడియాలో దాన్ని ‘మానసిక యంత్రణ’ అంటారు.
కొట్టి, చదివి వినిపించాను.
“యంత్రమేటి బాబూ?
నా దగ్గర యంత్రమేటీ నేదు.
రేత్రి ఎక్కడైనా డప్పు ఇనబడితే
సెయ్యి గిన్ని మీదకి ఎలిపోతాది. అంతే.”
ఆ ‘అంతే’ని ఏ గడిలో కొట్టాలో తెలియలేదు.

తరవాతి గడి: నష్టం విలువ, అంకెల్లో.
ఎంత వేస్తే అంతకి తగిన కోర్టు ఫీజు.
పెద్ద ఏడుపుకి పెద్ద స్టాంపు.
లక్ష అంటే, స్టాంపులకే మేకని అమ్మాలి.

ఆమెకి నేను చెప్పనిది ఒకటుంది.
ఆ బొమ్మలో గడ్డి మా కళ్లంలోది.
మా బావ మోపు బిగిస్తుంటే
నేను తాడు కొస పట్టుకున్నాను.
ఆ ఏడు మా బస్తాలకీ తరుగు పడింది,
కూతురి కాలేజీ ఫీజంత.
చొక్కా ఎవరిదని అడగలేదు.
గుండీలన్నీ ఉన్నాయే, మంచి చొక్కాయే
అనుకున్నాను, అంతవరకే.

అంకెల మీద వేళ్లు ఆగిపోయాయి.
దాలమ్మ బల్ల మీదకి వంగింది.
“ఎంత రాసినా జడ్జీగోరు
అందులోంచి తరుగు తీసీస్తారేటి?”

తీస్తారమ్మా, అన్నాను.

ఫొటో మడిచి సంచిలో పెట్టుకుంది.
ఎండలోకి ఒకసారి చూసింది.
“అయితే ఆ అయిదూ
ముందే కలిపి రాసీ బాబూ.”