నీలి టోపీ

నన్ను చూస్తే ఈ ఊళ్లో జనం చొక్కా బొత్తాం పట్టుకుంటారు.
పొగగొట్టాలు ఊడ్చేవాడు ఎదురైతే అదృష్టమట.
బిటోమ్‌లో ట్రాము దిగి సందు మలుపు తిరిగేలోపు
కనీసం ముగ్గురు ముసలమ్మలు కోటు తడుముకుంటారు.
అదృష్టం సంగతి నాకు తెలీదు.
నవంబరు మసి గోళ్లలోంచి ఈస్టరు దాకా వదలదని తెలుసు.

నాలుగో అంతస్తు. ఎర్విన్ గైదా.
ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గు గనిలో, ఇప్పుడు ఎనభై రెండు.
బనీనుతో తలుపు తీశాడు,
పట్టుకుందామన్నా ఆయనకి బొత్తాం లేదు.
"స్నానాల గదిలో ఉంది, చూస్కో" అన్నాడు
అప్పు వసూలుకొచ్చినవాణ్ని లోపలికి రానిచ్చినట్టు.

గోడ మీద గ్యాసు గీజరు, ఎనామిల్ పెచ్చులూడింది.
వేడినీళ్ల కుళాయి తిప్పాను.
మంట లేచింది,
కామెర్ల కన్ను రంగులో,
కొసన మసి తోకతో.
జేబులో మీటరు కీచుమంది.
కట్టేశాను. కిటికీ బార్లా తీశాను.
"చలి!"
"స్నానం చేస్తే తలనొప్పి వస్తోందా?"
"ఈ వయసులో తలనొప్పి కాక ఏం వస్తుంది, పెళ్లి సంబంధమా?"

పైన గాలి జాలీ ఉండాలి.
జాలీలో దిండు ఉంది.
నిజం దిండే, బాతు ఈకలది,
నాలుగు మూలలా కుక్కి, మీద టేపు.
తలుపు కింది సందుకి తువ్వాలు చుట్ట.
కిటికీ కొత్త ప్లాస్టిక్కుది, మూస్తే ఈగ ఊపిరి కూడా దూరదు.
మూడు దార్లూ మూసేసి
మధ్యలో మంటని కూర్చోబెట్టాడు.

మంటకీ ఆకలేస్తుంది పెద్దాయనా,
గదిలో గాలి చాలకపోతే
అరకొరగా తిని, అరకొరగా కాలి
రంగూ వాసనా లేనిదొకటి కక్కుతుంది.
అది తలుపు తట్టదు.
మంచి నిద్ర పట్టినట్టే ఉంటుంది...

చెప్తూనే ఉన్నాను. చెయ్యెత్తాడు.
"నాకా చెప్తున్నావ్, గాలి గురించి?"

అలమరలోంచి ఇత్తడి దీపం తీశాడు.
గని దీపం. గాజు మీద ఇంకా ఒక వేలిముద్ర.
"దీన్ని నేలనుంచి కప్పు దాకా మెల్లిగా ఎత్తేవాణ్ని.
మంట నెత్తిన సన్నటి నీలి టోపీ కనిపించిందా,
ఇక అందరం పరుగే.
నీలాన్ని చూసి పారిపోయి బతికినవాణ్ని.
ఇది పచ్చగా మండుతుంటే
హమ్మయ్య అనుకున్నా."

బ్రష్షు పట్టుకుని అలాగే నిలబడ్డాను.
నేలమీదికొచ్చాక రంగులు తిరగబడతాయని
పెన్షను కాగితాలిచ్చేటప్పుడు
ఎవరూ చెప్పినట్టు లేదు ఆయనకి.

దిండు లాగితే కుట్టు తెగింది.
గదంతా ఈకలు, నా నల్ల టోపీ మీద కూడా.
గొట్టంలోంచి అర బాల్చీ మసి, ఒక పిచ్చుక గూడు.
గీజరు లోపలి పని నాది కాదు, గ్యాసు మిస్త్రీ లుడ్విక్‌ది.
అతను వచ్చేదాకా కుళాయికి ఎర్ర చీటీ కట్టాను.
లుడ్విక్ తిట్టుకుంటూ వచ్చాడు.
పొగ పైకే పోతుంది కదా, గొట్టాన్ని కిందికి వాల్చిందెవడని.
వాలు సరిచేశాడు, రెక్కల మధ్య మసి దూది తీశాడు,
గ్యాసు కీళ్లకి సబ్బు నురగ రాసి
బుడగ కోసం చూశాడు. రాలేదు.

నేను పాత చర్చి కరపత్రం జాలీకి ఆనించి వదిలాను.
పడలేదు. గోడ దాన్ని పీల్చి పట్టుకుంది.
ముసలాయన ముచ్చటపడ్డాడు.
"ఇప్పుడు తీసెయ్. అందంగా ఉందని వదిలితే అదీ దిండే."

లుడ్విక్ కుళాయి తిప్పాడు.
టప్‌మని నీలం.
ఎర్విన్ గైదా కాళ్లు
ఆయన్ని అడక్కుండానే రెండడుగులు వెనక్కి వేశాయి.
ఎవరం నవ్వలేదు.

వెళ్తూ గోడకి అలారం బిగించాను.
బ్యాటరీ నెలకోసారి నొక్కి చూడమన్నాను.
కూస్తే కారణం వెతకొద్దు, ముందు బయటికి రమ్మన్నాను.
"అంటే మళ్లీ పరుగేగా" అన్నాడు.

ఈ నవంబరులో వెళ్తే
ఇస్త్రీ చొక్కాతో తలుపు తీశాడు,
పై బొత్తాం వేళ్ల మధ్య పట్టుకుని.
నా కళ్లు ఆయన భుజం మీదుగా జాలీ వైపు పోతుంటే
"అటు కాదు, ఇటు" అని
సోఫా చూపించాడు.
దిండు.
మళ్లీ కుట్టించాడు, ఎర్ర దారంతో.