పసుపు తవ్వే ముందు

నర్సింగు రెండో ఏడు, విజయనగరం, మధ్యాహ్నం క్లాసు.
కరెంటు పోయి వచ్చింది. తెర మీదికి ఒక మెదడు వచ్చింది,
నానిన రస్కులా అంతా చిల్లులు.
ఎక్కడో సముద్రాల అవతల ఒక కొండజాతి అట,
చచ్చినవాళ్ళని పురుగులకి వదలబుద్ధి కాక
ఏడుస్తూ వండుకున్నారట,
ఆడవాళ్ళూ పిల్లలే ఎక్కువగా తిన్నారట.
తర్వాత వణుకు. తర్వాత కారణం లేని నవ్వు. తర్వాత మంచం.
కొందరికి యాభై ఏళ్ళకి బయటపడిందని మేడమ్ చెప్పింది.
అంతకాలం ఒంట్లో నోరు మూసుకుని కూచుందట.

మూడు బెంచీల తలలు నా వైపు తిరిగాయి.
బిడ్డిక పైడి, జాతాపు, గుమ్మలక్ష్మీపురం పైన.
"మీ కొండల్లో కూడా ఉండేదంట కదే?"
అడిగింది హేమసుందరి. చెడ్డది కాదు,
తన బాక్సులో పులిహోర నాకని పక్కకి తీసే పిల్ల.
లేదు అనడానికి నోరు తెరిచాను.
నోట్లోకి పచ్చి పసుపుకొమ్ము వాసన వచ్చింది.

రాత్రి హాస్టలు మెట్ల మీంచి అవ్వకి ఫోను.
మా గూడలో సిగ్నలు ఒక్క బండ మీదే దొరుకుతుంది.
ఆయాసపడుతూ ఎక్కింది.
"మనం తిన్లేదే" అంది.
"బూవి తింది. మనం వడ్డించాం."
కాసేపు అటువైపు గాలి.
"అదేటి తక్కువా?"

సంత లెక్క చెప్పినట్టు చెప్పింది:
రగతం తాగితే గానీ పసుపుకి ఎరుపెక్కదని నమ్మిన రోజులు.
దిగువన కరువు.
రెండు ఇత్తడి బిందెలకీ ఒక ఎద్దుకీ
కొండెక్కిన గుంట, ఏడేళ్ళది.
నాలుగేళ్ళు ఏ గడప తొక్కితే ఆ గడపలో అంబలి.
ఎవరూ కసరలేదు. మా ముత్తవ్వకి అవ్వ
దాని తలకి ఇప్పనూనె రాసేది, పేలు చూసేది,
జ్వరమొస్తే పక్కలో వేసుకునేది.
"ముద్దు సెయ్యకపోతే బూవి ఒప్పదే.
పరాయిదాన్నిస్తే ఇచ్చినట్టు కాదు, పారేసినట్టు."

ఆ రోజు గురించి చెప్పలేదు.
డప్పులు మూడు రోజులంది. సారా అంది.
దాటేసి, ఆకుల్లో చుట్టిన ఏలెడేసి ముక్కలతో
ఊరికొక మనిషి పరిగెత్తడం దగ్గర ఆగింది.
పొద్దు వాలకముందే పాతాలట ఎవరి చేలో వాళ్ళు.
మా వంతు మా చేలోనే.
ఆ ఏడు పసుపు ఎలా పండింది? అడిగాను.
"మావూలుగానే."

తర్వాత తెల్లదొరల సిపాయిలొచ్చి
కొన్ని ఊళ్ళు కాల్చి, దొరికిన పిల్లల్ని దింపుకుపోయి,
కావలిస్తే దున్నపోతునిచ్చుకోమన్నారట.
ఇచ్చారు. దున్నకి పేరు పెట్టలేదు.
"తేలికైపోయింది" అంది అవ్వ,
ఆ మాటకి సంతోషపడుతోందో లేదో నాకు తెలీలేదు.

నూనె రాసినావిడ మాత్రం
బతికున్నన్నాళ్ళూ పసుపు ముట్టలేదు.
మా ఇంట ఇప్పటికీ తవ్వే ముందు
దోసెడు అంబలి గట్టున పోసి ఒక పేరు పిలుస్తారు,
ఒక్కసారే, అన్నానికి పిల్లని పిలిచినట్టు.
తరానికొక ఆడపిల్లకి ఆ పేరే పెడతారు.
చిన్నప్పుడు నన్నే పిలుస్తున్నారనుకుని
చేలోకి పరిగెత్తేదాన్ని.
ఎవరూ నవ్వేవారు కాదు.

కొండపిల్లకి దిగువ పేరేమిటని
ఇక్కడ వార్డుబాయి నుంచీ అందరూ అడుగుతారు,
పైడితల్లి మొక్కా అని.
అవునంటాను.

మర్నాడు హేమసుందరి మూత తీసింది.
పచ్చగా ఉంది. పసుపు ఎక్కడిదే అన్నాను.
మీ కొండదేనే, నాన్న పార్వతీపురం సంతలో తెచ్చాడంది.
మొదటి ముద్దకి నా చెయ్యి చూసుకున్నాను,
వణుకుతోందేమో అని.
లేదు. ఆకలి మామూలుగానే ఉంది.
నిన్న అడిగింది తను మర్చిపోయింది.
నేను ఇంకా బదులు కూడదీసుకుంటున్నాను.
ఈలోగా గిన్నె అడుగున మిగిలింది గీకి
నా వైపు తోస్తూ పిలిచింది:
"పైడీ, ఇంకొంచెం?"