ఈకల లోడు

ధూల్‌పేట్ల వినాయకులను మోసిన బండే నాది.
ఇయ్యాల ఎక్కింది మాత్రం
ఇరవై అడుగుల బల్లి. ఒళ్లంతా ఈకలు.
"బల్లి గాదన్నా, పిట్టలకు పెద్దబాపు" అన్నడు జస్వంత్ సింగ్,
చేతులకంటిన ఫెవికాల్ గీక్కుంట.

కోడి దుకాణాలన్నీ తిరిగి తెచ్చిండంట ఈకలు.
సర్ఫుల నానబెట్టి, నల్లరంగు ఏసి, మిద్దె మీద ఎండబెట్టి
ఆయన పెండ్లాం ఒక్కొక్కటే అంటించిందంట, మూడు నెల్లు.
అయినా కొంచెం కోడివాసన.
కాలికి కొడవలి లెక్క ఒక గోరు.
కండ్లు ఆఖరికి దిద్దిండు.
అలవాటు కొద్దీ దండం పెట్టబోయి
చెయ్యి ఎన్కకు తీసుకున్నడు.

పురానాపూల్ దాటుతుంటే మూసీ గాలి గొట్టింది.
అద్దంల చూసిన:
ఒక్కో ఈకా లేస్తున్నది,
ఆరున్నర కోట్ల ఏండ్ల నిద్ర దులుపుకున్నట్టు.
తోకకు కట్టిన ఎర్రగుడ్డ టపటప.
పైన గద్ద ఒకటి
నాంపల్లి దాకా మా మీదనే తిరిగింది,
తిండి కోసమో, సుట్టరికం కోసమో.

మాల్ కాడ దించినంక
బండిల మిగిలింది రంగంటని తెల్ల ఈక ఒకటి.
ఊడ్వబోయి ఆగిన.
ఇప్పుడది స్టీరింగ్ ముందట, నిమ్మకాయ పక్కన ఉంటది.
బ్రేక్ కొట్టినప్పుడల్లా
ఎగరాల్నా వద్దా అని
జరసేపు ఆలోచిస్తది.