ఐదు గీతల కాయిదం

హైదరాబాదు నుంచి కాయిదం వచ్చింది.
వైద్యం మెరుగుపడాలంటే ముందుగాల ఏం చెయ్యాలె,
దాని తర్వాత ఏం చెయ్యాలె,
ప్రాధాన్యం ప్రకారం క్లుప్తంగా రాయమని
కింద ఐదు గీతలు గీసి పంపిన్రు.
ఒక్కో గీత జానెడు గూడ లేదు.

దేవరకొండ దవాఖానల మెట్లెక్కంగనే
ఎడమ దిక్కు బల్ల నాది.
బల్ల అంచుకు ఆరోగ్యమిత్ర అని నీలం బోర్డు.
మిత్ర అన్న కాడ రంగు లేసిపోయింది,
తొమ్మిదేండ్ల సంది జనం
అక్కడ్నే చెయ్యి ఆనిచ్చి నిలవడ్డరు.

పెన్ను మూత తీసిన్నో లేదో మేగావత్ దస్లి వచ్చింది.
గర్భసంచి ఆపరేషన్. మూడోసారి రావుడు.
పత్తి ఏరి, మిరప కోసి
వేలిముద్రలన్నీ చేన్ల విడిచిపెట్టి వచ్చిన మనిషి.
బొటనేలు పెడితే సరిపోలలేదు అన్నది మిషిను.
చూపుడువేలు. సరిపోలలేదు.
కొంగుకు తుడిచింది, ఊదింది,
పది వేళ్లకూ ఒక్కటే జవాబు.
"నేను నేనే గదా బిడ్డా,
మొన్న నువ్వే గద నాకు చాయ్ తాపితివి."
మిషినుకు చాయ్ సంగతి తెల్వదు.

కూసో దస్లీ, అన్న. రాసుకుంట.

ఈదయ్య సంగతి రాయాలె.
సోమ, బుధ, శనివారాలు, తొలి బస్సు,
నాలుగు గంటలు రక్తం బయట తిరిగి వస్తది.
మిషినుకు పైసలు లేవు, సూదికి పైసలు లేవు, నిజమే.
తోడొచ్చే భార్యకు జీరో టికెట్టు.
టికెట్టు కొనేది రోగం ఉన్నాయనే.
"వచ్చే జన్మల ఆడమనిషినై పుడత మేడం,
కిడ్నీలు గివ్వే ఉన్నా సరే" అని నవ్వుతడు.
నీళ్లు ఎక్కువ తాగొద్దన్నరు గనుక
ఆ నవ్వు గూడ పొడిపొడిగ ఉంటది.
ఇది ఏ గీత మీద పడతది? రవాణానా? వివిధమా?

మర్రిగూడ దిక్కు ముత్యాలు ఉన్నడు.
చిన్నప్పటి బావినీళ్లు ఎముకలల్ల ఇంకా ఉన్నయి,
మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలె.
ప్యాకేజీల పుస్తకం మొత్తం ఏలు పెట్టి ఎతికిన.
మోకాలున్నది, తుంటి ఉన్నది,
గుండెకు మస్తు నంబర్లున్నయి.
ఇట్ల మెల్లగ, నలభై ఏండ్లు తీసుకొని వంగిన మనిషికి
నాకైతే నంబరు కనవడలే.
"దొరకలేదా, పోనీలే, నీ కండ్లు గుంజుతయి" అన్నడు.

కోఆర్డినేటర్ సారు ఫోను:
ఐదు గంటల లోపల అప్‌లోడ్ చెయ్యాలె,
ఏడుపులు రాయకండి, పాయింట్లు రాయండి.

పాయింటు అంటే ఖాజాబీ యాదికొస్తది.
భర్త మంచం మీద ఉన్నడు, ఫైలు పెండింగుల ఉన్నది.
ఒక ఎక్స్‌రే మసకగున్నదని తిప్పి పంపిన్రు.
మళ్లా పంపిన. మళ్లా అడిగిన్రు.
మట్టిచ్చిన మూడో దినం
ఆయన ఫోనుకు మెసేజి: మీ చికిత్సకు అనుమతి లభించినది.
ఖాజాబీ ఆ ఫోను పట్టుకొని వచ్చి
గదే బోర్డు మీద చెయ్యి ఆనిచ్చి అడిగింది:
"ఆయన పక్క మంచం పిలగాడు లేడా,
ఇది ఆ పిలగానికి రాయొచ్చునా?"
రాయరాదమ్మా అని చెప్పిన.
ఆ మాట చెప్పుడు నా నౌకరీ.

నాలుగున్నర అయింది.
కాయిదం తెల్లగనే ఉన్నది.
దస్లి బెంచి మీద కునుకు తీస్తున్నది,
ఒళ్లో అరిచేతులు వెల్లకిల.
లేపిన. సొరుగుల నుంచి సిరా మెత్త తీసిన.
ఒక్కొక్క గీత మీద ఒక్కొక్క వేలు,
బొటనేలు మొదలు చిటికెనేలు దాకా ఒత్తిన.
ఐదు నీలం మచ్చలు. వాటిల్ల గీతలు లేవు,
పగుళ్లున్నయి.
స్కాన్ చేసిన, పంపిన.

"పనైనట్టేనా?" అడిగింది.
కాలే, అన్న.
రాత్రి చేతులకు కొబ్బరినూనె రాసుకో.
పొద్దుగాల సబ్బుతోని కడుక్కో.
తొలి బస్సుకే రా, జనం తక్కువుంటరు.