కయ్యకి సున్న

ఇసకపల్లి రొయ్యల గుంటల మింద
రేత్రి పదకొండు.
ఏరియేటర్లు నీళ్లను కొడతా ఉంటాయి.
తూరుపు గట్టున ఖాళీ మేత బస్తా పరుచుకోని
అరచేతిలో ఒక లోకం తెరుస్తా.
నాది నారింజ రంగు.
పేరడిగితే 'ఉప్పుకయ్య' అని కొట్టినా.

మొదట్లో అందరి మాదిరే ఉరికేవోణ్ణి.
ఖాళీ నేల కనపడితే చాలు,
ఉన్న దండునంతా తోలేసి
సగం పటం నాదేనని మురిసేలోపు
ఊదారంగోడు నడిమికి చీల్చుకోని పోయేవోడు.
పెంచలయ్య బీడీ ముట్టించుకుంటా
నా భుజమ్మీంచి తొంగి చూసినాడు.
"ఏందబ్బయ్యా, పిల్లని ఒత్తుగా పోసేస్తే గాలి చాలుద్దా?
గుంట ఎంతని కాదు,
తెల్లారుజామున ఎన్ని బతికుండాయో అదీ లెక్క."
ఫోన్లో ఆట ఆయనకేం తెలవదు,
నలభై ఏళ్లుగా నీళ్లను కాస్తా ఉండాడు, అంతే.

అప్పట్నించి ఆగడం నేర్చినా.
దండుకి వడ్డీ పడేదాకా వేలు కదపను.
సముద్రానికి వీపు ఆనించి కూచుంటా.
ఇద్దరు కొట్టుకుంటంటే
ఓడేవోడి వైపు నుంచి మెల్లింగా కోస్తా,
మా ఊర్లో పక్కోడి గట్టుని పారతో
ఏటికి జానెడు చెక్కినట్టు.

కయ్యంటే మాకు మడి.
చివర ఒక సున్న పెడితే కయ్యం.
ఆ సున్న ముందు ఎవురు పెట్టిందీ
సర్వేయరు గొలుసుకి ఎప్పుడూ దొరకలా.

మొన్న అమాస రేత్రి
నాలుగొందల మందిలో ఇద్దరం మిగిల్నాం.
నేనూ, ఒక పచ్చరంగోడూ.
ఏ దేశమో, ఏ బాసో.
మొదటి నిమిషంలోనే సంధి గుర్తు పంపినాడు,
చిన్న చెయ్యి బొమ్మ.
నేనూ ఒక చెయ్యి పంపినా.
పటం పొడుగునా మా సరిహద్దు
ఎవురూ చెక్కని గట్టు మాదిరి అట్టే ఉన్నింది.

అప్పుడు కరెంటు పోయింది.
ఏరియేటర్లు ఆగితే వచ్చే నిశ్శబ్దం
చెవుల్లో నీళ్లు నిలబడినట్టుంటది.
ఫోను గట్టు మీద పారేసి ఉరికినా.
జనరేటరు హ్యాండిలు మూడు దఫాలు తిప్పినా,
నాలుగోదానికి దగ్గింది.
పెంచలయ్య టార్చిని నీళ్ల మీద ఆడించి
"ఏవీ పైకి తేల్లా, పో" అన్నాడు.

తిరిగొచ్చేసరికి ఆరు నిమిషాలు.
పచ్చోడు నన్ను ముట్టుకోలా.
నా దండు వడ్డీతో ఉబ్బి ఉండాది.
వాడి అంచు పల్చంగా, కదలకుండా.
వాడికీ యాడో కరెంటు పోయిందేమో,
బిడ్డ లేచి ఏడస్తా ఉందేమో అనుకున్నా.
అనుకుంటానే వేలు పెట్టినా,
నూటికి నూరు.

గెలిచినావని తెర మీద పూలు రాల్నాయి.
యాడ చూసినా నేనే.
ఒక గీత లేదు, ఆనుకోడానికి ఒడ్డు లేదు.
గట్లన్నీ తెగి కయ్యలు ఒకే నీళ్లయితే
దాన్ని మేం గెలుపనం,
ఉప్పెనంటాం.

"ఏమైంది?" అన్నాడు పెంచలయ్య.
"కరెంటొచ్చింది" అన్నా.

నాలుక్కి చెక్ ట్రే పైకి లాగినా.
మేత మిగల్లా.
ఒక్క రొయ్య మాత్రం మూలకి నక్కి
టార్చి వెలుగుకి నా వైపే చూసింది.
దాని కళ్లు
నారింజ రంగు.