నలభై ఏడో పేజీ, రెండో కూర్పు

నేను పుస్తకాలు రాస్తాను.
కాగితం లేదు, అట్ట లేదు, అరలకి బరువూ లేదు.
బ్ర్నో నగరంలో మూడో అంతస్తు వంటింట్లో,
జిగురు వాసనకి మా ఆవిడ
మంచులోనూ కిటికీ తెరిచి పెడుతుంటే,
డెబ్బై రెండో వంతుకి కుదించిన విమానాలు
ఎలా కట్టాలో చెప్పే పుస్తకాలు.
కొన్నవాడు తెరమీద రెండు వేళ్ళు పెట్టి సాగదీస్తే
అగ్గిపుల్లంత రెక్క గుమ్మమంత అవుతుంది.

నిరుడు రాసింది ఒక ముసలి బైప్లేన్ గురించి.
పొలాల మీద మందు చల్లేది. అందగత్తె కాదు.
పొట్ట ముందుకి, తోక నేలకి,
సంతనించి మూటలతో వస్తున్న మనిషిలా
రొప్పుతూ లేచే బండి.
నూట పన్నెండు పేజీలు, మూడొందల ఫోటోలు.
నలభై ఏడో పేజీలో ఇలా రాశాను:
"ఇంజన్ కింద నూనె మరకలు,
గోధుమరంగు పల్చగా కలిపి
ఎలా పడితే అలా పెట్టండి."

ఎలా పడితే అలా.
ఆ మూడు మాటలకే ఉత్తరం వచ్చింది,
పోలండ్‌లో మియెలెట్స్ నుంచి.
బొగుమీవా ష్చెర్బ. వయసు రాయలేదు.

"మా చెల్లెలి మనవడి ట్యాబ్‌లో చూశాను మీ పుస్తకం.
వాడు బొమ్మవి అతికిస్తాడు.
నేను అసలువి అతికించాను, ఇరవై రెండేళ్ళు,
ఎక్కువగా రాత్రి షిఫ్టు.
అయ్యా, నూనె ఎలా పడితే అలా కారదు.
నేలమీద ఉంటే కిందికి కారుతుంది.
గాల్లో ఉంటే వెనక్కి పాకుతుంది.
మీ మరక ఆ రెండూ చెయ్యట్లేదు.
మీ విమానానికి తను ఎక్కడుందో తెలీదు.

ఇంకొకటి. మెట్టు అంచున రంగంతా సమానంగా గీకారు.
ఎవరూ రెండు కాళ్ళూ ఒకేసారి వేసి ఎక్కరు."

నవ్వొచ్చింది.
కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపింది కాబట్టి తెలుస్తోంది,
ఇక్కడ కలం ఆగింది,
వేరే సిరాతో మళ్ళీ మొదలైంది.

"మీ బొమ్మలో రివెట్లన్నీ తిన్నగా ఉన్నాయి.
డెబ్బై నాలుగు, ఫిబ్రవరి. బయట గన్ను పట్టుకుని నేను.
లోపల, నడుం వంచి, ఇనుప దిమ్మ ఆనించి హలీనా.
మధ్యలో రేకు. ఒకరి మొహం ఒకరికి కనబడదు.
ఒక్క తట్టు తడితే సరే అని.
రెండు తడితే మళ్ళీ అని.
అట్లా పదకొండేళ్ళు మాట్లాడుకున్నాం.
ఆ రాత్రి హలీనా తుమ్మింది.
తోక మూలం దగ్గర, కింది వరస, తొమ్మిదోది
వంకరగా దిగింది.
తనిఖీ ఆయన వేలితో తడిమాడు,
ఎగరడానికి అడ్డేం కాదని సంతకం పెట్టాడు.
ఏ దేశం పోయిందో, ఎన్ని చేల మీద వంగిందో.
చెబుదామని చెప్పాను, దిద్దమని కాదు."

తుమ్మితే ఊడే ముక్కుల గురించి విన్నాను గాని
తుమ్మితే నిలిచిపోయిన మేకుని వినడం ఇదే.

అచ్చుపుస్తకమైతే
చివర తప్పొప్పుల పట్టిక అంటించి చేతులు దులుపుకునేవాణ్ణి.
ఇది వేరే జాతి.
రాత్రికి రాత్రి దిద్దితే
పొద్దున్నే కొన్న ప్రతివాడి దగ్గరా
ఎన్నడూ తప్పెరగనట్టు కూచుంటుంది.

దిద్దాను.
నూనె కిందికి కారి, వెనక్కి పాకింది.
మెట్టు ఒక పక్కే అరిగింది.
నలభై ఏడో పేజీ అడుగున ఒక వాక్యం చేరింది:
"తోక మూలం, కింది వరస, తొమ్మిదో రివెట్టు.
సూదిమొనతో వెంట్రుకవాసి పక్కకి జరపండి."
కారణం రాయలేదు.

ఒసాకా నుంచి ఒకాయన కొలిచి మరీ రాశాడు,
ఏ ఫ్యాక్టరీ పటంలోనూ ఇది లేదని.
ఓస్లో నుంచి ఇంకొకాయన, అచ్చుతప్పేమోనని.
అచ్చే లేని పుస్తకంలో.
ఇద్దరికీ ఇంకా జవాబివ్వలేదు.

నిన్న మియెలెట్స్ నుంచి ఫోటో.
కిటికీ గట్టుమీద, ఉప్పుడబ్బా పక్కన, కుర్రాడి విమానం.
వేళ్ళతో సాగదీశాను, గళ్ళుగళ్ళుగా చెదిరేదాకా.
తొమ్మిదోది తిన్నగా ఉంది.
కింద ఆమె రాత:

"వాడు జరపనన్నాడు, పాడవుతుందని.
సూది నేనే తీసుకున్నాను. చెయ్యి వణికింది.
పదోది పోయింది.
రెండు తట్లు."