ఎక్కడికీ వెళ్ళని కారు

తాళంచెవులు గలగలమంటే చాలు
మంచం కిందికి దూరిపోతుంది బొమ్మిడాయి.
ఆ పేరు నేనే పెట్టాను.
స్నానానికి పట్టుకుంటే
చేతుల్లోంచి జారిపోయేది పిల్లప్పుడు.

ముప్పై ఒక్క ఏళ్ళు
రాజోలు డిపోలో కండక్టరుగా చేసినవాణ్ణి.
ఎవరికి తిప్పుతోందో మొహం చూసి చెప్పేవాణ్ణి.
ముందు మాట ఆగిపోతుంది,
ఆవలింతలు మొదలవుతాయి,
ఆ తర్వాత నోట్లో నీళ్ళు.
తాటిపాక దాటేలోగా
కిటికీ సీటు ఖాళీ చేయించేవాణ్ణి.

కుక్కకీ అంతేనని
సెకండ్‌హ్యాండు ఆల్టో వెనక సీటు
మూడుసార్లు కడిగాక గాని తెలీలేదు.
ఆవలిస్తే నిద్రనుకున్నాను.
మూతి నాక్కుంటే ఆకలనుకుని
బిస్కెట్టు కూడా పెట్టాను, బుద్ధి లేక.
మామిడికుదురు మలుపులో
ఆ బిస్కెట్టు తిరిగిచ్చేసింది.

కాలికి కట్టు మార్చడానికి
గురువారం గురువారం అమలాపురం వెళ్ళాలి.
డాక్టరు నేలపూడి సుభాషిణి గారు చిన్నపిల్ల.
"బాబాయిగారూ, కారెక్కితే డోకు,
దిగితే సూది.
దాని లెక్కలో కారంటే ఆ రెండే కదండీ.
కొన్నాళ్ళు ఎక్కడికీ తీసుకెళ్ళకుండా
ఊరికే ఎక్కించండి" అంది.

ఊరికే ఎక్కించాను.
కొబ్బరాకుల పాక కింద, ఇంజను ఆపేసి,
తలుపులు నాలుగూ బార్లా తెరిచి,
సీటు మీద ఒక్కో ఎండు రొయ్యా పెట్టి.
మొదటి రోజు ముక్కు వచ్చింది.
మూడో రోజు ముందుకాళ్ళు.
ఐదో రోజు మొత్తం కుక్క ఎక్కి
రొయ్య తీసుకుని దిగిపోయింది.
మా సత్యవేణి వచ్చి "ఎందాకా?" అంది.
"ఎక్కడికీ లేదు."
"అయితే నేనూ వస్తా"నని ముందు సీట్లో కూర్చుని
చిక్కుడుకాయలకి ఈనెలు తీసింది.
రోడ్డున పోయేవాళ్ళు ఆగి మరీ చూశారు.
ఆయ్, చూడనియ్యండి.

పదో రోజు ఇంజను.
పన్నెండో రోజు లాకుల దాకా,
దిగి కాలవగట్టున కాసేపు వాసనలు చూసుకుని
వెనక్కి.
బయల్దేరే పూట కడుపు ఖాళీ,
కిటికీ నాలుగు వేళ్ళ సందు.
సీటు మీద నా పాత ఖాకీ చొక్కా.
ఎన్ని ఉతుకులు ఉతికినా
అందులో నేను పోలేదట, సత్యవేణి అంటుంది.
గుంతలొస్తే
నెత్తిన గుడ్ల బుట్ట ఉన్నవాడిలా నడిపాను.

ఆ చొక్కా పరుస్తుంటేనే గుర్తొచ్చింది.
తొంభై ఆరు తుఫాను తర్వాత,
కొబ్బరిచెట్లు ఇంకా అడ్డంగానే పడున్నాయి.
బస్సులో కాలు పెట్టే సందు లేదు.
నీలం లంగా పిల్ల, పదేళ్ళుంటాయేమో,
టికెట్ల సంచీ మీద కక్కేసింది.
గంట కొట్టి
పాశర్లపూడిలో దింపేశాను, వాళ్ళ పిన్నితో సహా.
"కడుక్కుని వెనకాల బస్సుకి రండి" అన్నాను.
సాయంత్రం దాకా వెనకాల బస్సు లేదు.
నాకు తెలుసు.
అంతకు ముందు ఆ పిల్ల ఆవలించింది.
చూశాను.
చూసి, పక్కవాడికి చిల్లర లెక్కపెట్టాను.

నాలుగో గురువారం
బోడసకుర్రు వంతెన ఇవతల
బొమ్మిడాయి ఆవలించింది.
కారు పక్కకి తీశాను.
వెనక లారీవాడు హారను మీద పడుకున్నాడు.
పడుకోనీ.
దిగింది. వైనతేయ గాలికి చెవులు ఎగిరాయి.
రెండు గడ్డిపరకలు కొరికింది,
ఒక మైలురాయికి బాకీ తీర్చింది.
నాకేం తొందర? ట్రిప్పుషీటు రాయాలా,
డిపో మేనేజరుకి చెప్పాలా?

ఆ వారం డోకలేదు.
తర్వాతి వారం డోకింది.
ఆ పై వారం ఒక్క చొంగతో సరిపెట్టింది.
ఇలాగే ఉంది మా లెక్క.

"రైట్ రైట్" అని నోటిదాకా వస్తుంది ఇప్పటికీ.
అనను.
అది తనంతట తానే ఎక్కి
రెండు చుట్లు తిరిగి
ఖాకీ మీద గడ్డం ఆనించి
తోకతో సీటు మీద ఒక్కటి కొడుతుంది.

అప్పుడు గేరు వేస్తాను.